భేదోపాయమునకు అవధి ఎచ్చట? – అళియ రామరాయల రాజనీతి

రాజు తన రాజ్యమును నిలుపుకొనుటకు యుక్తి ప్రధానమా, బలము ప్రధానమా? ఈ ప్రశ్న మన శాస్త్రములకు క్రొత్తది కాదు. సామ దాన భేద దండములను నాలుగుపాయములను పాఠశాలలో చేరిన బాలురు సైతము ఒప్పజెప్పుదురు. కామందకుడు తన నీతిసారమునందు వీనికి మాయ, ఉపేక్ష, ఇంద్రజాలము అను మూడింటిని జోడించి ఏడుగా లెక్కించెను. కౌటిల్యుడు రాజునకు గల శక్తులను మూడుగా విభజించెను. శౌర్యము వలన కలుగునది ఉత్సాహశక్తి. కోశము, సేన వలన కలుగునది ప్రభుశక్తి. ఆలోచన వలన కలుగునది మంత్రశక్తి. మొదటిదానికంటె రెండవది, రెండవదానికంటె మూడవది మిన్న యని ఆయన తీర్పు. శాస్త్రము యుక్తి వైపే మొగ్గినదని దీనివలన స్పష్టము. అయితే ఆ యుక్తిని ఎంతవరకు నడుపవచ్చును, ఎచ్చట ఆపవలెను? అది సూత్రముల వలన తేలదు. జరిగిన చరిత్రను చూచి తెలిసికొనవలసినదే.

ఆ చరిత్ర మనకు దూరమున లేదు. మన జహీరాబాదునకు ఉత్తరముగా సుమారు 30 కిలోమీటర్ల దూరమున బీదరు కోట యున్నది. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగువరకు మన తాలూకా బీదరు జిల్లాలోనిదే యని పెద్దలెరుగుదురు. పడమటికి పోయినచో ఒకప్పటి చాళుక్యుల రాజధాని కల్యాణి, నైరృతి మూలకు గుల్బర్గా, తూర్పునకు పటాన్‌చెరు, దానిని దాటి గోల్కొండ. ఝరాసంగమున కేతకీ సంగమేశ్వరుని దర్శించి వచ్చు యాత్రికులు నడచు త్రోవలకు నలువైపుల ఉన్న ఈ కోటలన్నియు 16వ శతాబ్దమున ఒకే చదరంగపు బల్లపై పావులై యుండెను. ఆ ఆటను ఇరువది యేండ్లకు పైగా ఆడించినవాడు విజయనగరమున నుండిన అళియ రామరాయలు. కన్నడమున అళియ యనగా అల్లుడు. ఈయన శ్రీకృష్ణదేవరాయల అల్లుడు.

రామరాయల కథకు ముందు బీదరు కథను కొంచెము చెప్పుకొనక తప్పదు. బహమనీ సుల్తానుల ప్రధానియైన మహమూద్ గవాను ఆ రాజ్యమునకు ప్రాణము వంటివాడు. 1472లో ఆయన కట్టించిన విద్యాలయము నేటికిని బీదరులో సగము శిథిలమై నిలిచియున్నది. ఆస్థానమున స్థానికులైన అమీర్లకును, సముద్రముల కావలినుండి వచ్చిన అమీర్లకును పొసగెడిది కాదు. సుల్తానులు ఈ వైరమును మాన్పుటకు బదులు, ఒక పక్షమును చూపి మరియొక పక్షమును అదుపులో నుంచుచు వచ్చిరి. కడపట గవాను శత్రువులు ఆయన ముద్ర గల ఖాళీ కాగితమును సంపాదించి, గజపతిని దండెత్తి రమ్మని ఆయనయే వ్రాసినట్లు జాబు కల్పించిరి. సుల్తాను విచారణ లేకయే 1481లో ఆయనను వధింపజేసెను. మరుసటి యేట సుల్తానును గతించెను. పదియేండ్లు తిరుగకుండ రాజ్యము ముక్కలగుట కారంభమై, కాలక్రమమున బిజాపురము, అహ్మదునగరము, బీరారు, గోల్కొండ, బీదరు అను అయిదు రాజ్యము లేర్పడినవి. బీదరులో బరీదు వంశమువారు సుల్తానును అంతఃపురమున నుంచి, ఆయన పేరిట తామే ఏలిరి. సొంత కొలువులో నాటిన భేదబీజము సొంత ఇంటినే పగులగొట్టినదన్నమాట.

ఈ స్థితిని కృష్ణరాయలు ఎట్లు వాడుకొనెనో చూడుడు. ఆయన 1509లో సింహాసనమెక్కెను. ఎక్కిన వెంటనే మహమూద్ షా బహమనీ పేరిట దక్కను అమీర్లు దండెత్తి వచ్చి ఓడిపోయిరి. 1512 ప్రాంతమున రాయలు రాయచూరును గైకొని, గుల్బర్గా మీదుగా బీదరు వరకు నడచి, బరీదు చేతిలో బందీవలె నున్న ఆ మహమూద్ షానే మరల గద్దెపై నిలిపెనని చరిత్రకారులు వ్రాసిరి. యవనరాజ్యస్థాపనాచార్యుడను బిరుదము ఆయన శాసనములందున్నది. ఓడించినవానిని గద్దెపై కూర్చుండబెట్టుట ఏమి వింత యని మా విద్యార్థులు అడుగుచుందురు. నామమాత్రపు సుల్తాను బ్రదికియున్నంతకాలము ఆ అమీర్లలో ఏ ఒక్కడును తానే దక్కనునకు ప్రభువునని చాటుకొనజాలడు. సుల్తాను ఎవ్వని చేతిలో నుండునో వానిపై తక్కినవారి కన్ను పడుచుండును. ఇది భేదమే. కాని ఇచ్చట రాయలు ఎవ్వరి ఇంటను క్రొత్తగా నిప్పు పెట్టలేదు. ఉన్న కలహమును ఉన్నట్లే ఉండనిచ్చి తొలగిపోయెను.

గజపతి యెడల ఆయన నడచిన తీరు ఇంకను గమనింపదగినది. ఉదయగిరి, కొండవీడు దుర్గములను ముట్టడించి, సింహాచలము వరకు జైత్రయాత్ర సాగించిన పిదప, ప్రతాపరుద్రునితో సంధి చేసికొని, ఆయన కుమార్తెను వివాహమాడి, కృష్ణకు ఉత్తరమున గెలిచిన భూమిని తిరిగి ఇచ్చివేసెను. గెలిచిన భూమిని తిరిగి ఇచ్చుటకు ఎంత బలము కావలెనో ఆలోచింపుడు. ఆముక్తమాల్యద నాలుగవ ఆశ్వాసమున యామునాచార్యుని నోట పలికించిన రాజనీతియందు, అడవులందలి జనులను నమ్మకముతో వశపరచుకొనవలెననియు, రేవులను బాగుచేసి దూరదేశపు వర్తకులను ఆదరించి, గుర్రములు ఏనుగులు శత్రువులకు చేరకుండ చూచుకొనవలెననియు చెప్పిన రాజు ఈయనయే. బలమును వెనుక నుంచుకొని, యుక్తిని ముందు నడిపినవాడు.

అట్టివాడును ఒకచోట తప్పటడుగు వేసెను. 1520లో రాయచూరు యుద్ధమున బిజాపురపు ఇస్మాయిల్ ఆదిల్ షా ఓడి పారిపోయెను. పోగొట్టుకొనినవానిని తిరిగి ఇమ్మని రాయబారిని పంపగా, ఆదిల్ షా స్వయముగా వచ్చి తన పాదమును ముద్దిడినచో ఇచ్చెదనని రాయలు చెప్పెనట. ఈ సంగతి వ్రాసినవాడు పోర్చుగీసు గుర్రపు వర్తకుడగు న్యూనిజు. ఆదిల్ షా రాలేదు. రాయలు బిజాపురము వరకు పోయెను. దానివలన ఆయనకు కలిగిన లాభమేమియు మాకు కనబడదు. ఓడినవాని భూమిని గైకొనినచో వాడు కొంతకాలమునకు మరచునేమో. వాని మానమును గైకొనినచో వాని మనుమడును మరువడు. ఆ ఋణము రాయల కాలమున తీరలేదు.

ఇక రామరాయలు. గోల్కొండ ఆస్థానమున పారసీకమున వ్రాయబడిన చరిత్రలో ఒక కథనము కలదు. ఈయన యౌవనమున గోల్కొండ సుల్తాను కులీ వద్ద కొలువు చేసి, ఒక దుర్గరక్షణలో వెనుదిరిగి వచ్చినందున ఉద్వాసన పొంది, ఆ తరువాతనే విజయనగరము చేరెనట. నిజమైనచో, సుల్తానుల కొలువుల లోగుట్టు ఈయనకు లోపలినుండియే తెలియును. కృష్ణరాయలు 1529లో గతించెను. పిదప అచ్యుతరాయలు 1542 వరకు ఏలెను. ఆయన అనంతరము సలకము చినతిరుమలుడు రాజ్యమును అపహరింపగా, రామరాయలు తన తమ్ములగు తిరుమల, వేంకటాద్రులతో కలిసి వానిని వధించి, సదాశివరాయలకు పట్టము గట్టెను. పట్టము సదాశివునిది, ఏలుబడి రామరాయలది. కాలము గడచినకొలది సదాశివుడు ఏడాదికి ఒకమారు మాత్రమే ప్రజలకు దర్శనమిచ్చు స్థితి వచ్చెను. బీదరులో బరీదు చేసిన పనిని మనము నిందింతుము గదా. విజయనగరమున రామరాయలు చేసినదియు అదియే. ఒక్క పనికి రెండు తూకపురాళ్లు వాడరాదు.

ఆయన కేవలము తంత్రగాడని మా యభిప్రాయము కాదు. బలమును కూర్చుకొనుటలో ఆయన దిట్ట. బిజాపురపు మొదటి ఇబ్రహీము ఆదిల్ షా తన కొలువులోని పరదేశీ సైనికులను తొలగింపగా, వారిలో మూడువేలమందిని రామరాయలు తన సేనలో చేర్చుకొనెనని ఫెరిష్తా వ్రాసెను. 1547లో గోవా పోర్చుగీసువారితో ఒడంబడిక చేసికొని, అచ్చట దిగు గుర్రములు విజయనగరమునకే చేరునట్లు ఏర్పాటు చేసికొనెను. ఆ కాలమున గుర్రము లేని సేన సేన కాదు. ఇట్లు ప్రభుశక్తిని కూడగట్టుకొని ఆయన భేదమునకు పూనుకొనెను.

ఆట నడచిన విధ మిది. 1543లో అహ్మదునగరమును, గోల్కొండను తోడు చేసికొని బిజాపురముపై ఒత్తిడి. ఆ తరువాత అహ్మదునగరము కల్యాణి కోటను పట్టుకొనుటకు ప్రోత్సాహము. 1552లో ఆ స్నేహముతోనే రాయచూరు స్వాధీనము. 1553లో అహ్మదునగరమున హుసేను నిజాం షాయు, 1558లో బిజాపురమున బాలుడగు ఆలీ ఆదిల్ షాయు గద్దెనెక్కగా, ఆట తిరుగబడినది. పుత్రశోకమున నున్న రామరాయలను పరామర్శించు మిషతో ఆలీ కొద్దిమంది పరివారముతో విజయనగరమునకు వచ్చెను. రామరాయల పత్ని అతనిని కుమారునిగా భావించెనని చెప్పుదురు. అటుపై బిజాపురము, గోల్కొండ, విజయనగరము కలిసి అహ్మదునగరముపై దండెత్తినవి. ఏ యేట ఎవ్వడు బలవంతుడగుచుండెనో, ఆ యేట వానికి ఎదురుగా తక్కినవారిని నిలుపుట. అంతే సూత్రము. ప్రతి సుల్తానుకును పొరుగు సుల్తానుని భయము రామరాయల భయముకంటె పెద్దదై యుండెను. ఆ ఒక్క తారతమ్యముపై విజయనగరము క్షేమముగా నుండెను.

శాంతిపర్వమున ఆపద్ధర్మములను చెప్పుచు భీష్ముడు ధర్మరాజునకు పలితుడను ఎలుక కథ వినిపించెను. లోమశుడను పిల్లి వలలో చిక్కినది. నేలపై ముంగిస, చెట్టుపై గుడ్లగూబ ఎలుకకై పొంచియున్నవి. ఎలుక పోయి పిల్లి యొడిలోనే దాగికొని, ఆ రెంటి బాధ తప్పించుకొనెను. వేటగాడు దగ్గరకు వచ్చువరకు వలత్రాటిని కొరుకక, కట్టకడపట కొరికి, పిల్లి చెట్టెక్కులోపల తాను కలుగులో దూరెను. తరువాత పిల్లి ఎంత తియ్యగా పిలిచినను బయటికి రాలేదు. కార్యము కొరకు కలిసిన చెలిమి కార్యము తీరినంతనే తీరునని ఎలుక యెరుగును. ఈ కథను మేము పలుమారులు చెప్పియుంటిమి. రామరాయల చరిత్ర చదివిన పిదప మాకు వేరొక సంగతి తట్టినది. కథలో పిల్లి ఒక్కటే, ఎలుక ఒక్కటే. దక్కనులో ఎలుకలు నాలుగు. వారు నలుగురును మాటలాడుకొనగలరు.

వారిని మాటలాడుకొనునట్లు చేసినది రామరాయలే. అహ్మదునగరపు దండయాత్ర ముగింపున కుదిరిన సంధిలో కల్యాణి కోటను బిజాపురమునకు ఇచ్చివేయవలెననుట ఒక షరతు. హుసేను సేనానులలో ఒకడగు జహంగీరు ఖానుని చంపవలెననుట మరియొకటి. మూడవది విచిత్రమైనది. హుసేను నిజాం షా స్వయముగా రామరాయల శిబిరమునకు వచ్చి ఆయన చేతి తాంబూలమును అందుకొనవలెను. హుసేను వచ్చెను. రామరాయల చేతిని తాకిన పిదప అచ్చటనే నీరు తెప్పించుకొని తన చేతులు కడుగుకొనెను. రామరాయలును కుపితుడై తన చేతులు కడుగుకొనెనని ఫెరిష్తా వ్రాసెను. ఫెరిష్తా బిజాపురపు కొలువులో నుండినవాడు. ఆయన వ్రాతలో పక్షపాతముండును, సందేహము లేదు. కాని కోట, తల, తాంబూలము అను ఆ మూడు షరతులలో హుసేను మనస్సున మిగిలినది ఏదియో గ్రహించుట కష్టము కాదు. మామ కోరిన పాదచుంబనమునే అల్లుడు తాంబూలముగా మార్చి కోరినట్లున్నది.

అంతటితో ఆగలేదు. 1563లో అహ్మదునగరముపై రెండవ దండయాత్ర. తిరిగి వచ్చునపుడు రామరాయలు మిత్రుడైన ఆలీ ఆదిల్ షా వద్దనే యాదగిరిని, బాగల్‌కోటను పుచ్చుకొనెను. గోల్కొండ ఇబ్రహీము కుతుబ్ షా వద్ద పాలమూరు సీమలోని కోవెలకొండ, గణపురము, పానుగల్లు దుర్గములను పుచ్చుకొనెను. మిత్రులకు దానము చేయవలసిన వేళ వారిపై దండమును ప్రయోగించెను. మా దృష్టిలో రామరాయల పతనము తళ్లికోటలో కాదు, ఇచ్చట జరిగినది.

ఇబ్రహీము సంగతి ఒక్కటి వివరించినచో చాలును. తండ్రి సుల్తాను కులీ 1543లో హతుడై అన్న జంషీదు గద్దె నెక్కగా, ఇబ్రహీము ప్రాణభీతితో మొదట బీదరునకు వచ్చెను. ఇచ్చట నిలువలేక విజయనగరము చేరెను. రామరాయలు ఏడేండ్లు ఆశ్రయమిచ్చి, జాగీరిచ్చి ఆదరించెను. తెలుగు రుచి మరగిన ఆ యువకుడు 1550లో గోల్కొండ ప్రభువై, తెలుగు కవులచేత మల్కిభరాముడని పిలిపించుకొనెను. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితము చేసెను. మనకు దాపుననున్న పటాన్‌చెరులో ఆయన ఉద్యోగి అమీన్‌ఖానుడు అచ్చతెనుగు కావ్యమును వ్రాయించుకొనెను. అదియే పొన్నికంటి తెలగనార్యుని యయాతిచరిత్రము. రామరాయల ఉప్పు తిన్నవాడు, తెలుగు మాటకు మురిసినవాడు, ఆ ఇబ్రహీము కూడ 1565లో ఎదుటి పక్షమున నిలిచెను. ఎందుకు? కృతఘ్నత యని ఒక్క మాటలో త్రోసివేయవచ్చును. మేము చాలకాలము అట్లే త్రోసివేసితిమి. కాని చేయూతనిచ్చిన చేయియే కోవెలకొండను లాగికొనినపుడు, రేపు ఆ చేయి గోల్కొండపై పడదని ఇబ్రహీమునకు పూచీ యెవ్వరు?

మేము బాల్యమున విన్నది, తరువాత మేమే సభలలో చెప్పినది, తళ్లికోట యుద్ధము రెండు మతముల నడుమ జరిగిన దనియే. ఆ మాటను ఇప్పుడు సవరించుకొనుట మా కర్తవ్యము. ఇరువది యేండ్లపాటు ఒక సుల్తానుతో చేరి మరియొక సుల్తానుపై పోరాడిన రామరాయలకు మతమే కొలతయైనచో ఒక్క స్నేహమును కుదరదు. ఆయన సేనలో మహమ్మదీయ సేనానులు పెక్కుమంది. ఎదుటి సేనలలో మరాఠా సైనికులును కలరు. విజయనగర సైన్యములు మసీదులను పాడుచేసినవని ఫెరిష్తా రామరాయలపై వేసిన నిందవంటి నిందలు ఉభయపక్షముల వ్రాతలలోను కలవు. యుద్ధానంతరము విజయనగరపు ఆలయములకు కలిగిన హానిని చూచినవారి గుండె మండును, మాకును మండినది. అయినను యుద్ధకారణము వేరు, యుద్ధఫలము వేరు. రెండింటిని కలిపి చెప్పినచో రామరాయల తప్పు ఆయన ఖాతానుండి జారిపోవును. అప్పుడు రాజనీతి చదివి మనము నేర్చుకొనునది ఏమి?

భీష్ముడు చెప్పిన మరియొక కథ పూజని యను పక్షిది. బ్రహ్మదత్తుని అంతఃపురమున చిరకాలము నివసించిన ఆ పక్షి పిల్లను రాజకుమారుడు చంపెను. పక్షి ఆ బాలుని కన్నులు పొడిచెను. చెల్లుకు చెల్లు తీరినది, ఇకనుండుమని రాజు బ్రతిమాలినను పూజని నిలువక ఎగిరిపోయెను. రాజు మాట కపటమని పక్షి యనలేదు. ఒకరినొకరు గాయపరచుకొనిన చోట నమ్మిక తిరిగి మొలవదని మాత్రమే చెప్పెను. 1563 నాటికి దక్కనులో రామరాయల మాటను నమ్ము రాజు ఒక్కడును మిగులలేదు. భేదము ఫలించుటకు శత్రువులు ఒకరినొకరు నమ్మకుండుట చాలదు. భేదించువానిని వారు కొంతైనను నమ్మవలెను.

అప్పుడు సుల్తానులు ఆయన విద్యనే ఆయనపై ప్రయోగించిరి. హుసేను తన కుమార్తె చాంద్ బీబీని ఆలీకిచ్చి షోలాపురమును అరణమిచ్చెను. ఆలీ సోదరిని హుసేను కుమారుడు పెండ్లాడెను. కల్యాణి కొరకును షోలాపురము కొరకును తరతరములుగా రక్తము చిందించిన ఇండ్లు వియ్యమందినవి. బీదరునుండి ఆలీ బరీదు చేరెను. బీరారు మాత్రము చేరలేదు. యుద్ధమునకు ముందు ఆలీ ఆదిల్ షా రాయబారిని పంపి, తన దుర్గములను తిరిగి ఇమ్మని అడిగించెను. రామరాయలు రాయబారిని వెడలగొట్టెను. గెలిచిన భూమిని గజపతికి తిరిగి ఇచ్చిన మామ ఆ క్షణమున అల్లునికి జ్ఞాపకము రాలేదు.

కృష్ణ రేవును విజయనగర సేన కాచియుండెను. సుల్తానుల సేన వేరొక రేవున దాటునట్లు నటించి మూడు దినములు ఏటి వెంబడి నడచెను. కాచినవారు ఆవలి గట్టున వెంబడించిరి. అంతట వారు గిరుక్కున మరలి, కాపు లేని మొదటి రేవుననే దాటిరి. 1565 జనవరి 23న పోరు జరిగెను. వృద్ధుడైన రామరాయలు పల్లకినుండి సేనను నడపెను. హుసేను ఫిరంగులలో రాగి నాణెములు కూరి కాల్చిరి. ఏనుగులు మీదికి రాగా బోయీలు పల్లకిని విడిచిరి. పట్టుబడిన రామరాయల తలను హుసేను తీయించెను. రెండేండ్లకు విజయనగరమును చూచిన వెనిసు వర్తకుడు సీజరు ఫ్రెడరిక్కు, రామరాయల సేనలోని ఇద్దరు మహమ్మదీయ సేనానులు యుద్ధమధ్యమున ఎదుటి పక్షము చేరుటయే ఓటమికి కారణమని వ్రాసెను. వేంకటాద్రి పోరిలో మడిసెను. తిరుమలుడు సదాశివరాయలను, ధనమును వెంటగొని పెనుగొండకు తరలెను.

గెలిచినవారి చెలిమియు ఎలుకపిల్లుల చెలిమియే. 1574లో అహ్మదునగరము బీరారును మ్రింగెను. 1619లో బిజాపురము బీదరును మ్రింగెను. కల్యాణి బేరములలో నలిగి, తళ్లికోటలో తన వంతు పోరాడిన ఆలీ బరీదు 1580లో చనిపోయెను. బీదరు ఊరికి పడమట ఆయన సమాధి యున్నది. పై గుమ్మటము క్రింద నాలుగు వైపులను తలుపు లేని కమానులే. ఏ దిక్కునుండి వచ్చినవాడైనను నేరుగా లోనికి నడచి పోవచ్చును.